వారం వారం పాడయ్యే కుట్టుమిషను

ముప్పై ఏళ్ళుగా కుట్టుమిషన్లు బాగుచేస్తోంది కాబట్టి వీధి వీధంతా ఆవిడని మిషనక్క అనే పిలుస్తారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు కాగితాల్లోనే ఉండిపోయింది. మందుల షాపుకీ చెప్పుల షాపుకీ మధ్య ఇరుక్కున్న పొడుగాటి గది ఆవిడ దుకాణం. ముందు సగంలో మిషన్లు, వెనక సగంలో మంచం, పొయ్యి, గోడకి ఓ అద్దం. మిషను తెస్తే మూత కూడా తియ్యదు. చక్రం ఒక్కసారి తిప్పి, చెవి ఆనించి, రోగం చెప్పేస్తుంది. "దీనికి నూనె పోసి ఎన్నాళ్ళయిందండీ?" అని మెల్లగా అడిగిందంటే ఎంత చెయ్యి తిరిగిన దర్జీ అయినా నేలచూపులు చూడాల్సిందే. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా కదిపితే, చూడ్డానికి వచ్చినవాళ్ళంతా గుక్క తిప్పుకోకుండా మాట్లాడారనీ, వాళ్ళ గోలలో తనకి మిషను చప్పుడు వినపడలేదనీ చెప్పేది.

అలాంటి మనిషికి నలభై ఆరో ఏట ఓ ఆరేళ్ళ పిల్ల వచ్చి ఒళ్ళో పడింది. వచ్చిన తీరు మాత్రం పగవాళ్ళకి కూడా వద్దు.

మిషనక్కకి పదేళ్ళు చిన్నదైన చెల్లెలు ఉండేది. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం. మొగుడు బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఇద్దరికీ పొసగక విడాకులు తీసుకున్నారు. అప్పటికి నాలుగేళ్ళున్న కూతురు తల్లి దగ్గరే ఉండాలనీ, నెలకి రెండు శనివారాలు తండ్రి తీసుకెళ్ళవచ్చుననీ కోర్టు చెప్పింది. అతను ఒప్పుకోలేదు. మళ్ళీ కేసు వేశాడు, ఓడిపోయాడు. ఇంకోటి వేశాడు, అదీ పోయింది. శనివారం పిల్లని పంపడం అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఆ అయిదు నిమిషాలూ ఓ నోటుపుస్తకంలో ఎక్కించుకునేవాడు.

ఒక శుక్రవారం పిల్లకి గవదబిళ్ళలు లేచాయి. సెలవు దొరకని చెల్లెలు పిల్లని అక్క దుకాణంలో దింపి వెళ్ళింది. పిల్ల ఆ రాత్రి అక్కడే ఉండిపోయింది. మర్నాడు శనివారం పొద్దున పదింటికి అతను చెల్లెలి ఇంటికి వచ్చాడు. చెల్లెలు మెట్ల దగ్గరే ఎదురెళ్ళి, పిల్లకి ఒంట్లో బాగోలేదని చెప్పి, డాక్టరు చీటీ కూడా చూపించింది. అబద్ధమన్నాడు. పిల్లని దాచేశావన్నాడు. కింద వాటాలో ఉండే టీచరమ్మ అరుపులు విని తలుపు తీసేసరికి అంతా అయిపోయింది. కత్తి అతను ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకున్నాడని పోలీసులు తర్వాత తేల్చారు. పారిపోలేదు. వాళ్ళు వచ్చేదాకా అదే మెట్ల మీద కూర్చున్నాడు.

సరిగ్గా ఆ వేళకి మిషనక్క దుకాణంలో పిల్ల పొట్ట పట్టుకుని నవ్వుతోంది. నీ బుగ్గల్లో రెండు ఉల్లిపాయలు దాచావు, ఒకటి నాకియ్యి, కూరలోకి కావాలి అంటోంది పెద్దమ్మ. నవ్వితే దవడలు నొప్పి. నవ్వించకు పెద్దమ్మా అని పిల్ల వేడుకుంటుంటే ఫోను మోగింది.

తర్వాత పదకొండు రోజులు ఆ పిల్ల నోరు విప్పలేదు. పెట్టింది తినేది, పడుకోమంటే పడుకునేది. మిషనక్కకి పిల్లల్ని ఊరడించడం చేతకాదు. అందుకని తనకి వచ్చిన పనే చేసింది. పిల్లని పక్కన స్టూలు మీద కూర్చోబెట్టుకుని మిషన్లు విప్పింది, తుడిచింది, బిగించింది. పన్నెండో రోజు ఎవరో దర్జీ మిషను తెచ్చి పెట్టి, ఊరికే నూనె పొయ్యమని వెళ్ళాడు. మిషనక్క చక్రం తిప్పింది. బాగానే ఉందనుకుంది.

"పెద్దమ్మా, అది దగ్గుతోంది," అంది పిల్ల.

మిషనక్క మళ్ళీ తిప్పింది. నిజమే. లోపల ఎక్కడో సన్నగా ఓ కీచు. ముప్పై ఏళ్ళ చెవికి అందనిది ఆరేళ్ళ చెవికి అందింది. ఆవిడ స్క్రూడ్రైవరు కింద పెట్టి, పిల్లని దగ్గరకి లాక్కుని, ఏడుస్తోందో నవ్వుతోందో తెలీకుండా చాలాసేపు ఉండిపోయింది. ఆ రోజు నుంచీ పిల్ల పేరు బాబిన్. మిషను లోపల దారం చుట్టుకుని గిరగిరా తిరిగే చిన్న చక్రం అది. నోరు తెరిచాక ఇది కూడా అలాగే తిరిగింది. ఇంక ఆగితే ఒట్టు.

కాపురం కుదురుకోవడానికి కొన్నాళ్ళు పట్టింది. మిషనక్క జడ వేస్తే మిషను బెల్టు బిగించినట్టే. ఒక్క వెంట్రుక కదిలేది కాదు, కనుబొమలు మాత్రం నుదుటి మధ్యకి ఎక్కేవి. పిల్ల రోజంతా ఎందుకంత ఆశ్చర్యపోతూ ఉంటుందని బడి నుంచి కబురొచ్చింది. అన్నం మాడితే ఇద్దరూ కలిసి చెప్పుల షాపు వాళ్ళింటికి భోజనానికి వెళ్ళేవాళ్ళు. వారానికి మూడుసార్లు మాడేది. చివరికి చెప్పుల షాపావిడే వచ్చి నాలుగు వంటలు నేర్పి, తన వంటిల్లు కాపాడుకుంది.

ఇలా ఉండగా కోర్టు నుంచి కాగితం వచ్చింది. పిల్లని తనకి ఇప్పించమని నాయనమ్మ, అంటే ఆ టైమ్‌కీపరు తల్లి, కేసు వేసింది. మిషనక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. కొడుకుని పెంచిన ముచ్చట ఊరంతా చూసింది, చాలదా అంది. లాయరుని పెట్టుకుంది. తేలేదాకా పిల్ల పెద్దమ్మ దగ్గరే ఉండాలని జడ్జి చెప్పారు.

నెల తిరక్కుండా ఓ మధ్యాహ్నం ఆటో దిగి ఓ ముసలావిడ దుకాణంలోకి వచ్చింది. ఆటోలో పాతకాలం మిషను. కోర్టులో చూసిన ముఖమే. నాయనమ్మ. దారం తెగిపోతోందమ్మాయ్ అని, ఎటో చూస్తూ చెప్పి, బెంచీ మీద కూర్చుంది. బడి వదిలే వేళ. బాబిన్ లోపలికి పరిగెత్తుకొచ్చి, నాయనమ్మని చూసి ఆగిపోయి, తర్వాత మెల్లగా వెళ్ళి పక్కన కూర్చుంది. మిషనక్క పళ్ళ బిగువున పని చేసి పంపేసింది. దారం బిగువు చూసే టెన్షన్ స్క్రూ వదులైంది, అంతే.

వారం తిరిగేసరికి మళ్ళీ అదే మిషను. ఈసారి బెల్టు జారింది. ఆ పై వారం సూది తిరగబడి ఉంది. నాలుగో వారం, అడుగు దారం నడిపే షటిల్లో ఏకంగా ఓ చొక్కా గుండీ దొరికింది. గుండీ తనంతట తాను నడిచి షటిల్లోకి వెళ్ళదు. మిషనక్క దాన్ని అరచేతిలో పెట్టుకుని ముసలావిడ వంక చూసింది. ముసలావిడ చెవులదాకా ఎర్రబడి, మిషను పాతదైపోయిందని గొణిగింది. మిషనక్కకి కోపం రావాలి. రాలేదు. నవ్వొచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. గుండీ చూసి బాబిన్, బాబిన్‌ని చూసి ముసలావిడ. చెల్లెలు పోయాక ఆ గదిలో ఎవరైనా అంత పెద్దగా నవ్వడం అదే మొదలు.

నవ్వు ఆగాక ముసలావిడ ఏడ్చింది. నా కొడుకు చేసినదానికి నేను నీ మొహం ఎలా చూడను, చూడకపోతే ఈ పిల్లని ఎలా చూడను అంది.

మిషనక్క గుడ్డతో చేతులు తుడుచుకుంది. "అత్తయ్యగారూ, మిషను పాడుచెయ్యడం మీకు చేతకాదు. ఇంక మానెయ్యండి. ఆదివారం పొద్దున్నే వచ్చి సాయంత్రం వెళ్ళండి. స్క్రూ విప్పక్కర్లేదు."

తర్వాతి వాయిదాకి ఇద్దరూ ఒకే ఆటోలో కోర్టుకి వెళ్ళారు. లాయర్లిద్దరూ ఫైళ్ళు తెరిచి తయారుగా ఉన్నారు. ముసలావిడ లేచి కేసు వద్దంది. జడ్జి నమ్మలేక మిషనక్కని అడిగారు.

"పిల్ల నాదంటే నాదన్న గొడవలోనే మా చెల్లెలు పోయిందండీ," అంది మిషనక్క. "మాకు ఇంకో కేసు వద్దు. పిల్ల నా దగ్గరుంటుంది. ఆవిడ ఎప్పుడైనా రావచ్చు. అంతే రాయండి."

జడ్జి అంతే రాశారు.

హత్య కేసు ఇంకో కోర్టులో నడిచింది. టీచరమ్మ చూసింది చూసినట్టు చెప్పింది. పిల్లని కావాలనే దాచారు కదా అని అవతలి లాయరు నాలుగు రకాలుగా అడిగితే, మిషనక్క నాలుగుసార్లూ గవదబిళ్ళలనే చెప్పింది, డాక్టరూ అదే చెప్పాడు. టైమ్‌కీపరుకి యావజ్జీవం పడింది. తీర్పు రోజు ముసలావిడ ఇంటికి పోలేక దుకాణానికే వచ్చింది. మిషనక్క మంచం ఆవిడకిచ్చి, తను కింద చాప వేసుకుంది. కొడుకుని చూడ్డానికి ఆవిడ నెలకోసారి జైలుకి వెళ్తుంది. పిల్ల తనంతట తాను అడిగేదాకా అక్కడి మాట ఇక్కడ తేకూడదని ఇద్దరూ అనుకున్నారు.

పదో ఏట పిల్ల అడిగింది. మిషనక్క ఏదీ దాచకుండా చెప్పింది. అంతా విని బాబిన్ చాలాసేపు తన బుగ్గలు తడుముకుంది. నాకు ఆ జబ్బు రాకపోతే అమ్మ ఉండేదా అంది.

"జబ్బు ఎవర్నీ చంపలేదమ్మా. చంపింది మీ నాన్న. నీ బుగ్గలకి ఇందులో ఏ సంబంధం లేదు. ఇంకో వందసార్లు అడుగు, ఇదే చెప్తాను."

బాబిన్ నిజంగానే అడిగింది. వంద కాదు గానీ ఓ పదిహేను సార్లు. ప్రతిసారీ అదే జవాబు. ఆ తర్వాత అడగడం మానేసింది.

ఆ ఏడే బడిలో నాటకం వేశారు. బాబిన్‌ది తలుపు వేషం. మాటల్లేవు. అట్టముక్క పట్టుకుని నిలబడి, ఎవరైనా వస్తే పక్కకి తిరగాలి, వెళ్ళాక మళ్ళీ మూసుకోవాలి. నాయనమ్మ అట్టకి గోధుమరంగు గుడ్డ కుట్టింది. కిర్రుమనే చప్పుడు నోటితో ఎలా చెయ్యాలో పెద్దమ్మ వారం రోజులు నేర్పింది. నాటకం రోజున ఇద్దరూ మొదటి వరసలో కూర్చున్నారు. తలుపు తెరుచుకుంది. కిర్రు. ఇద్దరూ చప్పట్లు. తలుపు మూసుకుంది. మళ్ళీ చప్పట్లు. రాజుగారు ఏడుస్తూ కుప్పకూలే చోట కూడా వీళ్ళు తలుపు వంకే చూస్తున్నారు. మూడోసారికి హెడ్‌మిస్ట్రెస్ స్వయంగా వచ్చి, అమ్మా, కాస్త చివర్లో కొట్టండి అని బతిమాలుకుంది. మిషనక్క బుద్ధిగా తలూపింది. ముసలావిడ మాత్రం తనకి సరిగ్గా వినపడదన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

అంతలో స్టేజి మీదికి మంత్రిగారు వచ్చారు. తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది.