తుడిచేసిన అట్ట

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఏళ్ళ తరబడి హైస్కూల్లో సైన్సు చెబుతున్నదాన్ని, ఆ మాత్రం ఉండదా అని సర్దిచెప్పుకుంటాను గానీ, ఆ శనివారం నా కోపానికి నేనే సిగ్గుపడ్డాను.

గుంటూరులో మిర్చి యార్డుకి వెళ్ళే రోడ్డు మీద మా బడి. సీజనులో మిరప బస్తాల లారీలు బారులు తీరి, ఇంజను ఆపకుండా గంటలు గంటలు నిలబడతాయి. ఇక్కడ ఎవరు దగ్గినా ఒకటే మాట: మిరప ఘాటు. బయటి ఊళ్ళ వాళ్ళు ముక్కు మూసుకుంటే మాకు నవ్వులాట. అలాంటిది, తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె క్లాసులో లేచి అడిగింది.

"మేడం, ఆదివారం లారీలు రావండి. ఆ రోజు మా తమ్ముడికి ఆయాసం తగ్గుద్దండి. ఇది లారీల పొగ కాదాండి?"

తమ్ముడికి నాలుగేళ్ళు. వాళ్ళ ఇల్లు సరిగ్గా లారీలు ఆగే చోటే.

"ఆదివారం మిరపకాయలూ రావుగా. ఏది కారణమో ఎట్లా చెబుతావ్?" అన్నాను.

"మరెట్లా తేలుద్దండి?" అంది.

తేల్చాల్సిందేనని కూర్చున్నాం. ఆరుగురు పిల్లలు ముందుకొచ్చారు. తెల్ల అట్టముక్కలకి వాజలీను పూసి వారం రోజులు వేలాడదీస్తే గాలిలో ఉన్నదేదో అంటుకుంటుంది. ఐదు అట్టలు లోపలి వీధుల్లో కట్టారు. రోడ్డు మీద ఒక్కటే, ఆ పిల్ల వాళ్ళ కిటికీకి. వంతులు వేసుకుని లారీలు లెక్కపెట్టారు. మునిసిపల్ ఆఫీసులో ఒకాయన్ని కలిస్తే, శనివారం వచ్చి చూస్తాననీ, తేడా కనబడితే లారీల్ని అవతలి ఖాళీ స్థలంలోకి మళ్ళించమని రాస్తాననీ అన్నారు. "ఇంకా నల్లబడుతోందండి మేడం!" అని ఆ పిల్ల రోజూ పరుగెత్తుకొచ్చి చెప్పేది. తమ్ముడి ఊపిరి ఆ అట్టముక్క మీదే ఆధారపడి ఉందన్నంత ఆశ దానికి.

శనివారం పొద్దున పిల్లలతో వెళ్ళి చూద్దును కదా, కిటికీకి కట్టిన అట్ట తళతళా మెరుస్తోంది. నాలుగు మూలలా పసుపు బొట్లు కూడాను!

"బుద్ధుందా నీకు? వారం రోజుల పని గంగలో కలిపావు!" అని అందరి ముందూ పిల్లని కడిగేశాను. అది కళ్ళనీళ్ళు పెట్టుకుని గోడవైపు తిరిగింది.

వాళ్ళ నాయనమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకి తొడిమలు తీసే పని ఆమెది.

"దాన్నంటారేంటి టీచరమ్మా, తుడిచింది నేను. ఆఫీసరు గారొస్తుంటే గుమ్మంలో మురికట్ట పెడతామా? కిరసనాయిలుతో తుడిచి, మళ్ళీ మీ వాజలీనే రాశా."

ఇంతలో ఆఫీసరు గారు రానే వచ్చారు. లోపలి వీధుల అట్టలు చూశారు, లేత బూడిద రంగు. ఇది చూశారు. "రోడ్డు మీదే తెల్లగా ఉందేంటండీ?" అన్నారు. జరిగింది చెప్పాను. "అయ్యో! కానీ కంటితో చూడంది నేనెట్లా రాయనండీ?" అన్నారు. ఆయన తప్పేం లేదు.

తన శుభ్రాన్ని శంకిస్తున్నారనుకుందో ఏమో, పెద్దావిడకి రోషం వచ్చింది. "ఇవాళే కాదండీ, రోజూ తుడుస్తా. కిటికీ, మంచం, పిల్లాడి తలగడ. రాత్రి ఉతికి పొద్దున తుడిచిన గుడ్డండీ ఇది!" అంటూ తెచ్చి చూపించింది. గుడ్డ మసిలా ఉంది.

గోడవైపు తిరిగి ఉన్న పిల్ల చటుక్కున లోపలికి పోయి, నాయనమ్మ పనిలో తలకి కట్టుకునే గుడ్డ తెచ్చింది. రెండూ మంచం మీద పక్కపక్కన పరిచింది. తలగుడ్డ ఎర్రగా ఉంది. ఆఫీసరు గారికి రెండు తుమ్ములొచ్చాయి.

"నాయనమ్మా, మిరప దుమ్ము ఇట్టా ఉంటదిగా? మరి తమ్ముడి తలగడ మీద తుడిచింది నల్లగా ఉందేంటే?"

పెద్దావిడ రెండు గుడ్డలూ వేళ్ళతో రుద్ది చూసుకుంది. మిరప దుమ్ము గురించి ఆవిడకి ఒకరు చెప్పాలా? మంచం మీద కూలబడింది.

"సీజనైపోతే పిల్లాడి ఆయాసం అదే తగ్గుద్దన్నాను. వీళ్ళమ్మ పెద్దాసుపత్రికి తీసుకుపోతానంటే నేనే పోనియ్యలేదు" అంది.

క్లాసులో పిల్లలు దగ్గినప్పుడల్లా "ఘాటురా, నీళ్ళు తాగండి" అన్నది నేను కాదూ? "తప్పు నాదే, పిల్లా" అన్నాను అందరి ముందూ. అది తల ఊపింది, అంతే.

పెద్దావిడ లేచి, ఆ నల్లగుడ్డ చేత్తో పట్టుకుని రోడ్డు మీదికి నడిచింది. ముందున్న లారీ తలుపు మీద దబదబా బాదింది.

"ఒరేయ్ అబ్బాయ్! ఇంజనాపు ముందు!"

డ్రైవరు బిత్తరపోయి ఆపేశాడు. వెనక లారీలూ ఒక్కొక్కటే ఆగాయి. అప్పుడు, లోపలి గదిలోంచి పిల్లాడి ఊపిరిలో పిల్లికూతలు గుమ్మం దాకా వినపడ్డాయి. ఆఫీసరు గారు జేబులోంచి పెన్ను తీశారు.