రాజలింగన్న స్టీల్ గ్లాసు

ఎక్కడ నల్లా బిగించినా మొదటి గ్లాసు నీళ్లు రాజలింగన్నే తాగేవాడు. పనిముట్ల సంచిలో అందుకోసమే ఒక స్టీల్ గ్లాసు ఉండేది. "మనం తాగని నీళ్లు వాళ్లకెట్ల అప్పజెప్తం రా?" అనేవాడు. జనగామ వైపు నుంచి కూలికి వచ్చి, తార్నాకలో పైపుల కోసం కందకాలు తవ్వుతూ పని నేర్చుకున్న మనిషి. నేను ఆయన దగ్గర నేర్చుకున్నాను. లాలాపేట్‌లో పక్కపక్క గదులు మావి.

మొన్న ఎండాకాలం ఆయన భార్య సారలక్క పోయింది. ఆపరేషన్ అయ్యేదాకా నీళ్లు ఇవ్వొద్దన్నారు డాక్టర్లు. "జర గొంతు తడుపు" అని ఆమె అడుగుతూనే ఉంది. ఈయన ఇవ్వలేదు. లోపలికి తీసుకెళ్లాక ఆమె మళ్లీ కళ్లు తెరవలేదు. మూడో రోజు పిట్టకు పెడితే ఒక్క కాకీ వాలలేదు. ఎండలో నిలబడి నిలబడి, విస్తరి అక్కడే వదిలి వచ్చాం.

"దానికి దూప తీరలే," అన్నాడు ఇంటికొచ్చాక. తర్వాత కూడా అదే మాట, దాహం తీరకుండానే పోయిందని.

దినాలయ్యాక మొదటి పని యూనివర్సిటీలో దొరికింది. శ్రీలలిత మేడం విద్యార్థులను తీసుకుని అడవుల్లో మొక్కలు చూడటానికి వెళ్లే వ్యాన్. లోపలే పడక, పొయ్యి, సింకు. ట్యాంకు పడక కింద. దానికి పంపు, నల్లా కలపాలి.

కొత్త పైపు కడిగి ట్యాంకు నింపాం. నల్లా తిప్పితే పంపు దానంతటదే నడుస్తుంది, కట్టేస్తే ఆగుతుంది. మొదట గాలి దగ్గినట్టు వచ్చింది, తర్వాత ధార సాఫీగా పడింది. కట్టేశాను.

"గ్లాసు తియ్యి అన్నా."

"నాకు దూపైతలేదు."

ఆయన నోట ఆ మాట ఎన్నడూ వినలేదు.

చెట్టు కింద కూర్చున్నాం. వ్యాన్‌లో ఎవరూ లేరు. పంపు గుర్రుమంది. ఒక్క గుటక మింగేంత సేపు. ఆగింది.

"ఏడనో లీకున్నది," అన్నాను.

జాయింట్ల కింద పాత పేపర్లు పరిచి చూశాం. మళ్లీ గుర్రుమంది. ఆగింది. మళ్లీ. పేపర్లన్నీ పొడిగానే ఉన్నాయి. నల్లా మూతి కూడా పొడిగానే ఉంది.

"వ్యాన్‌కు గూడ ఎండదెబ్బ తగిలినట్టున్నది. స్విచ్ బంద్ జెయ్యే," అన్నాను.

స్విచ్ దాకా పోయిన ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఒకపారి వద్దన్న. మళ్ల నాతోని గాదు."

అంతలో మేడం వచ్చింది. "అయ్యిందా రాజలింగూ? రేపు పొద్దున బయల్దేరాలి. పిల్లలు తాగేది ఈ నీళ్లే."

"జర ఆగుండ్రి మేడం."

సంచిలోంచి గ్లాసు తీసి, కడిగి, నిండా పట్టి సింకు పక్కన పెట్టాడు. "తాగు సారలక్కా," అన్నాడు మెల్లగా. బయటికొచ్చి తలుపు మూశాడు.

ముగ్గురం నిలబడ్డాం. దూరంగా మెట్రో పోయిన చప్పుడు వినిపించింది. పంపు మాత్రం పలకలేదు.

"లోపల ఎవరన్నా ఉన్నారా?" అంది మేడం. గొంతు తగ్గించి అడిగింది, ఎందుకో.

ఆయన తలుపు తీశాడు. గ్లాసు ఖాళీగా ఉంది. సింకులో తడి లేదు, కింద తడి లేదు. అంచు మీద ఒక పక్కన మాత్రం, పెదవి ఆనినంత మేర, తడి.

ఆయన ఆ గ్లాసును కడగలేదు. మళ్లీ నింపి, ఆ పక్కనే నోరు పెట్టి తాగాడు.

"నీళ్లు మంచిగున్నయ్ మేడం. తీస్కపోండ్రి."

నేను పేపర్లు ఏరుకున్నాను. తార్నాక చౌరస్తా దాకా ఇద్దరం నడిచాం. అక్కడ ఆయన ఆగి నా చేతిలోని నీళ్ల సీసా వైపు చెయ్యి చాపాడు.

"సీసల ఇంకిన్ని నీళ్లున్నయా రా? దూపైతున్నది."