మామ బస్సుకు సైకిలు దిగాలా?

పెట్రోలంతా సైన్యానికీ, దుమ్మంతా మనకూ అని దొరలు పంచిపెట్టిన ఆ యుద్ధం రోజుల్లో మా చిత్తూరు రోడ్ల మీద రెండే జాతులుండేవి. హారన్ కొట్టేవాళ్ళు ఒక జాతి, ఆ కూత విని గుంతలోకి దిగేవాళ్ళు ఇంకో జాతి. నేను రెండో జాతివాణ్ణి. చిత్తూరులో ఒక బెల్లం మండీలో గుమాస్తాగా చేరిన కొత్తలో, పల్లెలు తిరిగి గానుగల దగ్గర బెల్లం చూసి రమ్మని మా యజమాని నాకొక పాత సైకిలు ఇచ్చాడు. దానికి బ్రేకులున్నాయని ఆయన చెప్పాడు, నేను నమ్మాను. ఇరవై ఏళ్ళ వయసులో మనిషి ఏదైనా నమ్ముతాడు. సైకిలెక్కగానే నాకు మీసం ఒక అంగుళం పెరిగినట్టనిపించేది (నిజానికి అప్పటికి అక్కడ ఉన్నది మీసమని నేనూ మా అమ్మా మాత్రమే అనేవాళ్ళం).

మా మేనమామ మొదటి జాతివాడు. చిత్తూరు నుంచి పలమనేరు పోయే బస్సుకు డ్రైవరు. ఖాకీ కోటు, నెత్తిన టోపీ. మా ఊరు బంగారుపాళెంలో ఆయన కాఫీ తాగడానికి దిగితే, గ్లాసు కింద పెట్టేవరకూ బస్సులో ఉన్న ప్లీడర్లు కూడా నోరెత్తకుండా కూర్చునేవాళ్ళు. బస్సు కంపెనీవాళ్ళదే కానీ రోడ్డు మాత్రం తనదేనని ఆయన గట్టి అభిప్రాయం. పెట్రోలు దొరక్కుండా పోయాక కంపెనీవాళ్ళు ఆ బస్సు వెనక నిలువెత్తు ఇనప డ్రమ్ము బిగించి, దాంట్లో బొగ్గులు కాల్చి, ఆ గ్యాసుతో నడిపించడం మొదలుపెట్టారు. పాపం క్లీనరు చేతులు ఊడిపోయేలా పిడి తిప్పితే బస్సు ముసలాయన మాదిరి దగ్గి దగ్గి లేచేది. చదును మీద ఎట్లాగో నడిచేది. మొగిలి ఊరు దాటి కొండెక్కే ఘాటు దారి మొదలయ్యేసరికి దానికి ఆయాసం. ప్రయాణికులంతా దిగి, టిక్కెట్టు కొన్న పాపానికి వెనకనుంచి నెట్టుకుంటూ పోవాలి. ఎవరైనా పొరపాటున బస్సు ఆగిపోయిందంటే మామకు కోపం. ఆగలేదట, ఊపిరి తీసుకుంటోందట.

ఆ మామకు తల్లి లేని కూతురు ఒకత్తి. పుట్టిన రోజునే ఆ పిల్ల నాకని మా అమ్మ తేల్చేసింది. నాకు ఊహ తెలిశాక నేనూ తేల్చుకున్నాను. ఆ పిల్ల ఏం తేల్చుకుందో అడగాలని మా ఇద్దరికీ తోచలేదు. పండక్కో పబ్బానికో వాళ్ళింటికి పోతే తలుపు చాటునుంచి నన్ను చూసి నవ్వేది. అది నన్ను చూసి నవ్వడమో, నా వాలకం చూసి నవ్వడమో నాకు ఎప్పుడూ తెలిసేది కాదు.

ఇంతవరకూ అంతా సవ్యంగానే ఉంది. చిక్కంతా సైకిలు దిగడం దగ్గర వచ్చింది. మా వైపు పెద్దవాళ్ళు ఎదురుపడితే సైకిలు మీద కూర్చుని పోకూడదు. దిగి, నాలుగడుగులు నడిచి, వాళ్ళు దాటిపోయాక మళ్ళీ ఎక్కాలి. బడి అయ్యవారు కనిపిస్తే దిగాలి, మునసబు కనిపిస్తే దిగాలి, పూజారికి దిగాలి, యజమానికి సరేసరి. బంగారుపాళెం బజారు దాటేలోగా నేను సైకిలు తొక్కిన దానికంటే దిగిందే ఎక్కువ. నాకు దాంట్లో ఏ పేచీ లేదు. కానీ పెద్దమనిషి బస్సులో కూర్చుని ఎదురొస్తే? అదీ ఆ బస్సును ఆయనే నడుపుతూ వస్తే? దిగాల్సిందేనన్నాడు మామ. మనిషికి దిగుతాను గానీ బొగ్గుల డ్రమ్ముకు దిగనన్నాను నేను. ఈ మాట చిలవలు పలవలతో మామ చెవిన పడింది. మర్నాటినుంచి నేను కనిపిస్తే చాలు, హారన్ మీద చెయ్యి తీయకుండా బస్సును నా మీదికే తెచ్చేవాడు. నేను సైకిలుతో సహా కంపల్లోకి పోయేవాణ్ణి. నా పంచె ఎన్నిసార్లు చిరిగిందో చెబితే మీరు నవ్వుతారు.

దీనికి బదులు నేను ఘాటు మీద తీర్చుకున్నాను. ఎత్తు మీద ఆ బస్సు నత్తనడక. నేను వెనకనుంచి వచ్చి, గంట గణగణ మోగించి, మామ పక్కనుంచి దాటిపోయేవాణ్ణి. పెద్దవాళ్ళకు ఎదురుగా సైకిలు దిగకపోవడమే తప్పయితే, వెనకనుంచి వచ్చి దాటిపోవడం ఇంకెంత తప్పో ఆలోచించండి. మామ మా అమ్మకు కబురు పంపాడు, ఇంకొక్కసారి సైకిలెక్కి నా బస్సును దాటినాడంటే పిల్లనివ్వనని. అమ్మ నా చేత తన నెత్తిన చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. సరే, ఒట్టు తప్పకూడదు గదా. మర్నాడు ఘాటు మీద బస్సు కనిపించగానే బుద్ధిగా సైకిలు దిగాను. హ్యాండిలు పట్టుకుని నడిచాను. నడిచి, మామ బస్సును దాటాను. దాటేటప్పుడు ఒక చెయ్యి నుదుటికి ఆనించి, నమస్కారం మామా, దిగినాను సూడు అన్నాను. బస్సంతా గొల్లుమంది. వెనక నెడుతున్నవాళ్ళు కూడా నెట్టడం మాని నవ్వారు. మామ మాత్రం నవ్వలేదు.

వారం తిరక్కుండానే పలమనేరు సంబంధం కుదుర్చుకున్నాడు. పెళ్ళికొడుకు ఇంట్లో సొంత కారు ఉందట, దానికి పెట్రోలు కూపన్లు కూడా ఉన్నాయట. ఆ కాలంలో సొంత కారంటే ఇంకేమీ అడగక్కరలేదు. అబ్బాయి నల్లవాడా, చెవిటివాడా అని కూడా మామ చూసిరాలేదు, తండ్రితో మాట్లాడి వచ్చేశాడు. పెళ్ళికొడుకు నాయనమ్మ మంచం దిగలేని ముసలామె కాబట్టి, ఆమె కళ్ళతో పిల్లను చూశాకే తాంబూలాలన్నారు. మామ తన బస్సులోనే కూతుర్ని తీసుకుపోవడానికి ఒప్పుకున్నాడు. మా అమ్మ రెండు పూటలు పొయ్యి వెలిగించలేదు. అప్పుడు తెలిసింది నాకు, నేను చేసిన ఎగతాళి ఖరీదు. తిండి సయించలేదు, బెల్లం రంగు కూడా సరిగ్గా కనిపించలేదు.

పిల్లను తీసుకుపోయే రోజు ఇంట్లో ఉండలేక సైకిలేసుకుని ఘాటు దారి పట్టాను. ఎందుకో నాకే తెలియదు. మలుపు దగ్గర బస్సు ఊపిరి తీసుకుంటోంది. జనం దిగి నెడుతున్నారు. డ్రైవరు వెనక సీట్లో, తలనిండా కనకాంబరాలతో, తల దించుకుని మామ కూతురు. నేను సైకిలు దిగి నిలబడ్డాను. మామ నన్ను చూశాడు. తిట్టలేదు. "ఏందిరా సూస్తా నిలబడినావు? మంచి గెడియ దాటిపోతా ఉండాది. వచ్చి నెట్టు" అన్నాడు. మేనమామ చెప్పాక కాదనడం ఎట్లా? పైగా తను కిటికీలోంచి వెనక్కి తిరిగి చూస్తోంది. ఆడపిల్ల చూస్తుంటే ఇరవై ఏళ్ళవాడికి బుర్ర పని చేయదు, కండలే పని చేస్తాయి. సైకిలు రాతికి ఆనించి, పంచె ఎగ్గట్టి, భుజం ఆనించి నెట్టాను. మిగతావాళ్ళు అలిసి చేతులు వదిలేసినా నేను వదల్లేదు. నా బలం చూసి మెచ్చుకోవాలని నా తాపత్రయం. నేను నెట్టే ప్రతి అడుగూ ఆ పిల్లను పలమనేరుకు దగ్గర చేస్తోందన్న సంగతి నా బుర్రకు ఎక్కనే లేదు.

బస్సు దగ్గి, లేచి, కదిలింది. సరిగ్గా అప్పుడే మలుపు మీదనుంచి ఒక కారు హారన్ కొట్టుకుంటూ దిగి వచ్చి ఎదురుగా నిలబడింది. బస్సు ఆగింది. పొద్దున్నుంచి కాల్చిన బొగ్గంతా దండగ. ఘాటు మీద ఎక్కేబండికి దిగేబండి దారి ఇవ్వాలి, అది రివాజు. కారు నడిపే కుర్రాడు నల్లద్దాలు సర్దుకుని, ఈ కుంపటికి నేను దోవ ఇయ్యాలనా అన్నాడు. నేను అన్నప్పుడు బతికిపోయాను కానీ, మోటారువాడు ఇంకో మోటారువాణ్ణి ఆ మాట అంటే ఊరుకుంటారా? మామ టోపీ సీటు మీద విసిరి కిందికి దూకాడు. ఆయన అన్నవన్నీ ఇక్కడ రాయలేను, ఇంట్లో ఆడవాళ్ళు చదువుతారు. ఆ కుర్రాడూ తక్కువ తినలేదు. చివరికి మామ, "ఎక్కేబండికి దోవ ఇయ్యాలని మీ నాయన నీకు సెప్పలేదా?" అని అరిచాడు.

కారు వెనక సీట్లోంచి ఒక తలపాగా బయటికొచ్చింది. "సెప్పినా బావా. వాడు యాడ వింటాడు?" అన్నాడు ఆ పెద్దాయన.

ఇంత ఆలస్యమేమని వియ్యాలవారే ఎదురొచ్చారన్నమాట. ఇక అందరూ ఒక్కసారిగా అందుకున్నారు. ఈయన కూతుర్ని చేసుకోనని కుర్రాడు, నీకిచ్చేదెవడని మామ. కారు వెనక్కి వెనక్కి పలమనేరు వైపు ఎక్కిపోయింది. గ్యాసు చచ్చిన బస్సు, మామ మళ్ళీ ఎక్కి ఎంత బ్రేకు తొక్కినా, వెనక్కి జారి గట్టుకు ఆనుకుంది. మేము నెట్టినవాళ్ళం తలోదిక్కుకూ పరుగెత్తి బతికిపోయాము.

మామ గట్టు మీద కూలబడ్డాడు. బస్సును వదిలి డ్రైవరు పోకూడదు. కూతురు పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఆఖరికి నా మొహం చూడకుండా, "ఒరే, ఆ సైకిలు మీద ఇద్దురు పోవచ్చునా? పిల్లని మీయమ్మ దగ్గిరికి తీసకపో" అన్నాడు. బస్సు జనమంతా గుడ్లప్పగించారు. పెళ్ళికాని పిల్ల బావ సైకిలు వెనక కూర్చుని బంగారుపాళెం బజారు గుండా పోయాక ఇంకొకరు తాంబూలాలిస్తారా? అది మామకు తెలియదనుకోను. ఆయన నోటితో మాత్రం ఎప్పుడూ ఒప్పుకోలేదు.

దిగుడు దారి. చల్లగాలి. వెనక కనకాంబరాలు. రాజ్యం ఏలుతున్నట్టుంది నాకు. మొగిలి దగ్గర తను అడిగిన మొదటి మాట ఇది: "నన్ను పలమనేరికి పంపించేదానికి నీకేమి బావా అంత తొందర? అందురూ వదిలేసినా నువ్వు వదల్లేదే?"

నేను పెడలు ఇంకా గట్టిగా తొక్కాను. బజారులో ఆ రోజు పూజారి కనిపించాడు, అయ్యవారు కనిపించారు, ఎవరికీ దిగలేదు. దిగితే ఆ ప్రశ్నకు మొహమిచ్చి నిలబడాలి గదా.

పెళ్ళయి ఇన్నేళ్ళయింది, ఆమె ఆ ప్రశ్న మానలేదు. మంచం జరపాలన్నా, బియ్యం బస్తా మూలకు తోయాలన్నా నన్నే కేకేస్తుంది, ఆ పొద్దు నెట్టినట్టు నెట్టమని. మోకాళ్ళు పట్టుకుని లేచి నెడతాను. ఇప్పుడు అంత బలం లేదు. ఆ పూట కూడా లేకపోయుంటే ఎంత బాగుండేది.