నాలుగో గుండు

సురయ్యా కూతురు నస్రీన్‌కి ఏడేళ్లు నిండకుండానే మూడు గుండ్లు అయ్యాయి. మొక్కులేం కాదు. గుండు కొట్టిస్తే ఈసారన్నా జుట్టు సాపుగా వస్తుందని ఇంటిల్లిపాదికీ ఒకటే ఆశ. వచ్చేది మాత్రం మళ్లీ అదే జుట్టు, సన్న సన్న ఉంగరాలు చుట్టుకుని, నల్లగా, దట్టంగా. రాక ఏం చేస్తుంది? సురయ్యావాళ్లు వనపర్తి సిద్దీలు. సంస్థానం కాలంలో ఆఫ్రికా నుంచి వచ్చిన సిపాయిల సంతతి. తాతముత్తాతల జుట్టు కత్తికి బెదిరి పోతుందా!

సురయ్యాకీ చిన్నప్పుడు ఇదే శాస్తి. ఎదిగేదాకా గుండ్లు, ఆ తర్వాత నెత్తి మండిపోయే మందు రాసి సాపు చేయడం. దావూద్‌ని చేసుకుని సౌదీలోని దమ్మామ్‌కి వచ్చాక కూడా ఆ మందు మానలేదు. ముప్పై దాటిన మనిషికి తన సొంత జుట్టు దువ్వడం రాదంటే ఎవరైనా నమ్ముతారా? రాదు, అంతే.

అందుకే రెండువేల ఆరులో "ఇగ నా బిడ్డ నెత్తి మీద కత్తి పెట్టనియ్య" అని మొండికేసిందే గానీ, ఆ నెత్తిని ఏం చేయాలో తోచలేదు. మన ఇళ్లలో చేసినట్టే చేసింది. శీకాయతో రుద్ది తలంటింది, ఎండలో ఆరబెట్టింది, సన్నపళ్ల దువ్వెనతో మాడు నుంచి కిందికి లాగింది. దువ్వెన పళ్లు విరిగాయి. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని ఎదురింటి సుడానీ ఆవిడ ఉమ్ సల్మా వచ్చి దువ్వెన లాక్కుంది.

"మోయా, మోయా" అంటూ కుళాయి చూపించింది. నీళ్లు పెట్టమని.

ముందు తడపాలట. నూనె పట్టించాలి, పాయలుగా విడదీయాలి, వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. సురయ్యాకి అంతా తలకిందుల వ్యవహారంలా తోచింది. చేతులు మాట వినేవి కావు. తీసిన పాపిడి వంకర, వేసిన జడ సాయంత్రానికి ఊడిపోయేది. దువ్వెన కనిపిస్తే చాలు, నస్రీన్ మంచం కిందికి దూరేది. అయినా సురయ్యా వదల్లేదు.

ఇంతలో ఊళ్లో దావూద్ తమ్ముడి పెళ్లి కుదిరింది. పిల్లకు గుండు కొట్టించి తీసుకురా, ఆ నెత్తితో వస్తే పెళ్లిలో నవ్వుతారని దావూద్ అక్క ఫోన్లో ఒకటే పోరు. దావూద్ చెడ్డవాడు కాదు, అక్కకు ఎదురు చెప్పడం చేతకానివాడు. శుక్రవారం సురయ్యా స్నానానికి పోయిన సమయం చూసి, పిల్లను, మన వైపు నుంచే వచ్చి దమ్మామ్‌లో దుకాణం పెట్టుకున్న మంగలి మొండయ్య దగ్గరికి పట్టుకుపోయాడు.

బయటికొచ్చి ఇద్దరూ లేకపోవడం చూడగానే సంగతి అర్థమై సురయ్యాకి ఒళ్లు మండిపోయింది. బురఖాలాంటి అబాయా తొడుక్కుని, దువ్వెన, నూనె సీసా పట్టుకుని ఉరికింది. అద్దం తలుపు వెనక నస్రీన్ కుర్చీలో ఉంది. మొండయ్య మిషన్ చేతిలోకి తీసుకున్నాడు. మగవాళ్ల దుకాణం, ఆ దేశంలో ఆడమనిషి లోపల అడుగు పెట్టకూడదు. సురయ్యా తలుపు తోసి బయటే నిలబడింది.

"మొండన్నా, చెయ్యి తియ్యి."

"అక్కా, లోపలికి రాకు. పోలీసోళ్లు దుకాణం మూయిస్తరు" అన్నాడు మొండయ్య బెదిరిపోయి.

"నేను రాను. నా బిడ్డనే బయటికొస్తది."

దావూద్ ముఖం మాడిపోయింది. "నలుగురు చూస్తున్నరు సురయ్యా. ఇంటికాడ మాట్లాడుకుందం."

"చూడనియ్యి. ఇంటికాడ మాట్లాడేటోళ్లయితే దొంగతనంగ ఎందుకు తెచ్చిన్రు? ఈ జుట్టుతోనే వస్తది పెళ్లికి. నవ్వేటోళ్లను నవ్వనియ్యి. లేదంటే మేమిద్దరం రానే రాము. మీ అక్కకు ఈ మాటే చెప్పున్రి."

నస్రీన్ కుర్చీ దిగి ఒక్క ఉరుకున వచ్చేసింది. సురయ్యా దుకాణం మెట్టు మీదే చతికిలబడి పిల్లను ముందు కూర్చోబెట్టుకుంది. మొండయ్యను అడిగి నీళ్ల సీసా తీసుకుంది. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. చూస్తే చూశారు, ఆమెకేం! తడిపింది, నూనె రాసింది, కొసల నుంచి మొదలుపెట్టింది. పిల్ల భుజాలు బిగబట్టుకుంది. ఒక పాయ అయింది, ఇంకొకటి అయింది. ఏడుపు రాలేదు. దావూద్ కాసేపు లోపలే తచ్చాడి, ఆఖరికి బయటికొచ్చి, చూసేవాళ్లకు అడ్డంగా నిలబడ్డాడు.

జడలు అయ్యాక మొండయ్య అలవాటు కొద్దీ అద్దం పట్టాడు. నస్రీన్ అటూ ఇటూ తిరిగి చూసుకుంది.

"వంకరగున్నయ్ అమ్మీ."

"ఉండనీ. నేర్చుకుంటున్న."

తల్లి స్కార్ఫ్ అంచు కింద, మందుకు చచ్చి నుదుటికి అంటుకుపోయిన వెంట్రుకల్ని పిల్ల వేలితో తాకింది.

"మరి నీకెవరు వేస్తరు?"

సురయ్యా దువ్వెన తీసి పిల్ల చేతిలో పెట్టింది.

"ఇగ మందు పెట్టుకోను" అంది. "నువ్వే ఎయ్యి."