గులాబీ రిబ్బన్లు కట్టిన చెట్లు

మొన్న మా అమ్మాయి నా ఫోన్‌లో ఒక యాప్ వేసిపెట్టింది. కళ్లు మూసుకుంటే పక్షుల కూతలు, ఆకుల గలగలలు వినిపించి మనసు కుదుటపడుతుందట. మొదటి నెల ఫ్రీ అనగానే నాకు అనుమానం వచ్చింది. అమెరికాలో ఈ ఆష్‌బర్న్‌ ఊరికి వచ్చిన కొత్తలోనూ నాది ఇదే బుద్ధి.

అప్పట్లో మా ఇంటి వెనక చిన్న అడవి ఉండేది. రెండువేల పది ప్రాంతంలో, అన్నయ్య పోయాక వదిన మా దగ్గరికి వచ్చేసింది. నెలల తరబడి నోరు విప్పలేదు. అలాంటి మనిషి ఒక ఆదివారం, గుళ్లో పరిచయమైన ఒక పెద్దాయన వెంట, మరికొందరు ఆడవాళ్లతో కలిసి ఆ చెట్లలోకి ధ్యానానికి వెళ్లి, తిరిగొచ్చి తనంతట తానే కాఫీ అడిగింది. సంతోషం కంటే ముందు నాకు భయం వేసింది. భూమికి జ్వరం వచ్చిందని, చెట్టు దగ్గర మౌనంగా కూర్చోవడమూ సేవేనని చెప్పే ఆ మనిషి, రేపు వదినను ఏ ఆశ్రమానికో తీసుకుపోడని ఏమిటి నమ్మకం?

"అంకుల్ మంచోడే అమ్మా, యూ డౌట్ ఎవ్రీబడీ" అనేది అప్పుడు హైస్కూల్లో ఉన్న మా అమ్మాయి. నేను వాకింగ్ వంకతో వెనకే వెళ్లి చూసేదాన్ని. ఆయన ఏమీ అడగడు, ఏమీ అమ్మడు, చెట్టుకి ఆనుకుని కూర్చుంటాడంతే. దాంతో నా అనుమానం ఇంకా పెరిగింది.

ఒకరోజు చాలా చెట్లకు గులాబీ రంగు రిబ్బన్లు కనిపించాయి. దొరికాడు దొంగ అనుకున్నాను. ముడుపులు మొదలయ్యాయి, ఇక హుండీ రావడమే తరువాయి. ఆడవాళ్లు కూడా ఎవరో మొక్కుకున్నారనే అనుకుని, తామూ ఎర్ర దారాలు కట్టి కుంకుమ బొట్లు పెట్టారు. వదిన కూడా ఒకటి కట్టింది. ఏం కోరుకున్నావని అడిగితే, "ఈ చోటు ఇలాగే ఉండాలని" అంది. పెద్దాయనను పక్కకు పిలిచి నిలదీశాను. "నేను కట్టలేదమ్మా, మీలో ఎవరో అనుకున్నా" అన్నాడు. నమ్మలేదు.

కొద్దిరోజులకే యంత్రాలు వచ్చాయి. అవి కొట్టేయాల్సిన చెట్లకు సర్వేవాళ్లు కట్టిన గుర్తులట. కుంకుమ బొట్లతోనే ఒక్కొక్కటీ ఒరిగిపోతుంటే వదిన ఇంటి వెనక చెక్క డెక్ మీద నిలబడి చూసింది. అక్కడ కిటికీలు లేని డేటా సెంటర్ లేచింది; లోపలి కంప్యూటర్లు వేడెక్కకుండా రాత్రీపగలూ ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. పెద్దాయన మీద కన్నేసి ఉంచానే గాని, చెట్ల మీద కన్నేసినవాళ్లు నా ఊహకే అందలేదు.

ఇప్పుడు ధ్యానానికి స్టూడియోలున్నాయి, ముందే బుక్ చేసుకోవాలి. చలికాలం పేరుకే వచ్చి పోతోంది. ఆదివారం పొద్దున వదిన డెక్ మీద ఆ డేటా సెంటర్ గోడకి ఎదురుగా కూర్చుని కళ్లు మూసుకుంటుంది. ఏం కనిపిస్తుందంటే, చెట్లే అంటుంది. పక్కనే కూర్చుని నేనూ మూసుకుంటాను. నాకు మాత్రం ఆ ఫ్యాన్ల హోరే వినిపిస్తుంది.