ఎల్లస్వామి తలదురద

ఎల్లస్వామికి తల దురద. ఇంతేనా అనుకునేవాళ్లు ఆయన్ని చూడలేదన్నమాట. హైదరాబాదు నుంచి బదిలీ మీద వచ్చిన ఆయన జిల్లా కేంద్రంలో కొత్తగా పెట్టిన మెడికల్ కాలేజీలో అనాటమీ అటెండర్. ఒక చేతిలో ట్రే ఉంటే రెండో చేయి తల మీద ఉండాల్సిందే. జెండా పండుగనాడు అందరూ నుదుటి దాకా చేయెత్తి సెల్యూట్ కొట్టి దించేశారు. ఎల్లస్వామి చేయి మాత్రం నుదుటి నుంచి మెల్లగా నడినెత్తికి ఎక్కి, చెవి మీదికి దిగి, మెడ వెనక్కి చేరి, జనగణమన అయిపోయేదాకా అక్కడే ఉండిపోయింది.

భార్య మైసమ్మ చేయని వైద్యం లేదు. వేపాకు నూరి పట్టించింది. కుంకుడు రసంతో చర్మం ఊడేలా రుద్దింది. ఆదివారం ఆదివారం పుల్లమజ్జిగ నెత్తిన పోసింది. పేల దువ్వెనతో ఎంత దువ్వినా ఒక్క పేనూ రాలలేదు. చివరికి డిపార్ట్‌మెంట్ పెద్ద అమరేందర్ సారు చర్మం డాక్టరు దగ్గరికి పంపితే, ఆ డాక్టరు భూతద్దం పెట్టి వెతికి, ఇంత శుభ్రమైన తల తాను చూడలేదని చీటీ రాసిచ్చాడు. ఎల్లస్వామి ఆ చీటీ అందుకుని తల గోక్కున్నాడు.

ఫస్టియర్‌లో చేరిన గ్రేస్‌కు ఆయన్ని చూస్తే మొదట్లో చిరాకేసేది. రామన్నపేట దగ్గరి పల్లె ఆమెది. నాన్న సాల్మన్ బస్తాలు మోసే హమాలీ. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కింది ఆమె ఒక్కతే. తెలుగు మీడియం పిల్ల కాబట్టి రాత్రి చదివిన ఇంగ్లీషు పేర్లన్నీ పొద్దున సారు ముందు నిలబడగానే ఎటో పారిపోయేవి. ఇక్కడేమో ఈ మనిషి గోక్కుంటూ ఎదురుగా నిలబడతాడు. అసలే కంగారు, పైన ఈయన దురద.

అయితే మెదడు పాఠం మొదలైన రోజున ఆమెకు ఆయన మీద గౌరవం కలిగింది. బకెట్లోంచి మెదడును రెండు చేతులా పైకి తీసి, "సారు వస్తున్నడు, జర జరుగుండ్రి," అన్నాడు. ఆయనకు ప్రతి మెదడూ సారే. ఎవరో ఒంటిచేత్తో ఎత్తబోతే ఒప్పుకోలేదు. "గీ సారు అరవై ఏండ్లు సంసారం ఈదిండు. రెండు చేతులతోని పట్టు," అన్నాడు.

అంత గౌరవించినా ఆ సారు గ్రేస్‌ను కరుణించలేదు. కాలేజీలో పెట్టిన పరీక్షలో మెదడు దగ్గరే తప్పింది. యూనివర్సిటీ పరీక్షలో కూడా తప్పితే తోటివాళ్లంతా ముందుకు పోతారు, తను వెనకబడిపోతుంది. ఆ మధ్యాహ్నం అందరూ అన్నానికి వెళ్లారు. ఆమె మాత్రం డిసెక్షన్ హాల్లో మెదడు ముందు కూర్చుని, సాయంత్రం బస్సుకు ఇంటికి పోదామని నిర్ణయించేసుకుంది. ఎల్లస్వామి బల్ల తుడవడానికి వచ్చాడు.

"ఏం కనవడుతాంది బిడ్డా అండ్ల?"

"అన్నీ ముడతలే ఎల్లన్నా. ఏది ఏదో తెలుస్తలేదు."

"నాకు ఇంగ్లీషు రాదు," అంటూ ఆయన జేబులోంచి దువ్వెన తీసి నడినెత్తిన పాపిడి తీసుకున్నాడు. గ్రేస్ మెదడు వైపు చూసింది. నడుమ లోతైన చీలిక, అటొక సగం, ఇటొక సగం. తర్వాత ఆయన పెన్సిల్ తీసి చెవి మీద పెట్టుకున్నాడు. మెదడు పక్కన కూడా పెన్సిల్ పట్టేంత గాడి ఉంది. ఆ తర్వాత భుజం మీది తువ్వాలను ఈ చెవి నుంచి ఆ చెవికి నెత్తి మీదుగా అడ్డంగా కట్టుకున్నాడు. ముందు భాగాన్నీ నడినెత్తినీ విడదీసే గాడి అదే. అంతా అయ్యాక తువ్వాల విప్పి బల్ల తుడుచుకుని వెళ్లిపోయాడు. గ్రేస్ ఆ సాయంత్రం బస్సెక్కలేదు. అద్దం ముందు కూర్చుని తన తల మీదే పుస్తకమంతా చదువుకుంది.

యూనివర్సిటీ పరీక్ష రోజు నోటి ప్రశ్నలు అడగడానికి బయటి కాలేజీ నుంచి శ్రీదేవి మేడం వచ్చింది. నవ్వడం ఆమెకు నేరమేమో అనిపించే మనిషి. గ్రేస్ కంటే ముందు మల్లికార్జున్ వంతు. మేడం మెదడు వెనక భాగాన్ని చూపిస్తే వాడు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. మేడం వెనక ట్రే పట్టుకుని నిలబడ్డ ఎల్లస్వామి మెడ పైన, తల వెనక గోక్కున్నాడు.

"ఆక్సిపిటల్ లోబ్ మేడం. చూపు," అన్నాడు మల్లికార్జున్.

మేడం ఇంకా కింద చూపించింది. ఎల్లస్వామి దురద జుట్టు అంచుకు దిగింది. "చిన్నమెదడు. నడకలో తూలకుండా చూస్తది," అన్నాడు వాడు.

బెంచీ మీద కూర్చున్న గ్రేస్‌కు అప్పుడు అర్థమైంది. ఇంతకాలం ఆ మనిషికి దురదే లేదు. ఏ పిల్ల, ఏ పిల్లగాడు మాట తడబడినా జవాబు కళ్ల ముందుండాలని ఏడాది పొడుగునా తల పట్టుకుని తిరిగాడు. పాపం, మైసమ్మ పోసిన మజ్జిగంతా మట్టిపాలు.

గ్రేస్ వంతు వచ్చింది. ఆమె ధైర్యంగా మేడం భుజం మీదుగా చూసింది. అప్పుడే మేడం తల తిప్పకుండా, "ఎల్లస్వామీ, మంచినీళ్లు తెచ్చిపెట్టు," అంది. ఎల్లస్వామి చేయి ఆ రోజు మొదటిసారి తల మీంచి దిగింది. తలుపు మూసుకుంది.

మేడం సన్నని పుల్లను ఒక గాడిలో పెట్టి ఇదేమిటని అడిగింది. గ్రేస్ మెదడులో ఏమీ లేదు. ఆదివారం చర్చిలో నాన్న అందరి ముందు లేచి నిలబడి, నా బిడ్డ డాక్టరు చదువుతాందని చెప్పడం ఒక్కటే గుర్తొచ్చింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పుడు ఆమె చేయి దానంతటదే లేచింది. గ్లౌజుకున్న ఘాటైన ఫార్మలిన్ మందు జుట్టుకు అంటుతుందన్న ఆలోచన కూడా లేదు. వేలు వెళ్లి చెవి మీద పెన్సిల్ ఉండాల్సిన చోట ఆగింది.

"లాటరల్ సల్కస్ మేడం. దీని కింద టెంపోరల్ లోబ్, వినికిడి." చేయి నుదుటికి వచ్చింది. "ఇది ఫ్రంటల్, ఆలోచన." ఈ చెవి నుంచి ఆ చెవికి వేలితో తువ్వాల కట్టింది. "సెంట్రల్ సల్కస్. ముందున్న ముడత కాళ్లూ చేతులూ ఆడిస్తది, వెనకది తాకితే తెలిసేది. ఆ గాడి వెనక నడినెత్తి భాగం పెరైటల్."

మేడం మార్కులు వేసుకుంది. నీళ్లతో ఎల్లస్వామి లోపలికి వచ్చి ముందు గ్రేస్ జుట్టు వైపు చూశాడు. మేడం గ్లాసు అందుకుంది.

"నేను హైదరాబాదులో ఫస్టియర్ చదివినప్పుడు కూడా నీకు ఇదే దురద కదా ఎల్లన్నా. ఇంకా తగ్గలేదా?"

"లేదు మేడం. ముదిరింది," అన్నాడు ఎల్లస్వామి వినయంగా.

గ్రేస్ పాసైంది. జుట్టుకు పట్టిన వాసన మాత్రం మూడు రోజులు పోలేదు. రిజల్టు వచ్చిన రోజు ఆమె బజారుకు పోయి, దురదకు వాడే మంచి షాంపూ ఒకటి కొని, నవ్వాపుకుంటూ ఎల్లస్వామి చేతిలో పెట్టింది. ఆయన సీసాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిది పెడితె దురద నిజంగనే పోతదా?"

"పోతదన్నరు ఎల్లన్నా."

"అయితె మైసమ్మకిస్త," అన్నాడాయన, చేయి మెల్లగా చెవి మీదికి పోనిస్తూ. "నాకు పోతె ఎట్ల బిడ్డా, కొత్త బ్యాచ్ వస్తాంది గద."