మావ మార్చిన మాట

మావ పోయాడన్న కబురు వచ్చేసరికి మేం భావనపాడు ఒడ్డున బోటు డెక్కు బల్లలు గీకుతున్నాం. ఫోను చేసింది అత్త, ఆయన భార్య. "మీ మావ ఎల్లిపోనాడురా. మెల్లగా ఊపిరి ఒగ్గేసేడు. ఏటీ బాద పడనేదు" అంది. ఒగ్గడం అంటే మా వైపు వదలడం. ఆవిడ గొంతు నిబ్బరంగానే ఉంది. నా చేతిలోని గీకుడు రేకు ఇసుకలో పడింది. పక్కనున్న తమ్ముడు నా ముఖం చూసి తన రేకు కూడా పక్కన పెట్టేశాడు.

నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఎదురుగా సగం గీకిన బల్లలు, డబ్బాలో నల్లనూనె, గోనె మీద ఖాళీగా కూర్చున్న స్ప్రే పంపు. ఇప్పుడు దాన్ని ఎవరు పట్టుకుంటారు? తమ్ముడు దాన్ని ముట్టుకోవడం మానేసి ఏళ్లయింది. వాడి ఎడమ కంటి కింద ఉన్న మచ్చ కథ చెబితే తప్ప మా మావ ఎలాంటివాడో మీకు తెలియదు.

వరసకి ఆయన మాకేమీ కాడు. అక్కుపల్లి దగ్గర కాస్త జీడితోట, కాసిని కొబ్బరిచెట్లు ఉన్న రైతు. మేం సముద్రం మీద బతికేవాళ్లం. పిలుపుతోనే మావ అయ్యాడు. జీడి పూతకి మందు కొట్టడంలో చెయ్యి తిరిగినవాడని మా నాన్న ఆయన్ని తీసుకొచ్చాడు. అందరూ ఫైబర్ బోట్లకి మారినా మాది ఇంకా చెక్కబోటే. ఏటా వేట నిషేధం రోజుల్లో దాన్ని ఒడ్డెక్కించి, ఎండకీ ఉప్పునీటికీ బల్లలు పగలకుండా నూనె పట్టించాలి. జీడిపిక్కల తొక్కల నుంచి తీసే నల్లనూనె కాశీబుగ్గ నుంచి తెచ్చి, కిరసనాయిలు కలిపి పల్చన చేస్తాం. ఒంటి మీద పడితే కాలుస్తుంది. మా నాన్న గుడ్డతో పూసేవాడు. పని అయ్యేసరికి అరచేతుల తోలు ఊడి, అన్నం కలుపుకోవడానికి కూడా ఉండేది కాదు. పంపుతో కొడితే సరిపోతుందని చెప్పింది మావే.

ఈ మాట విని ఆయన్ని ధైర్యవంతుడనుకోకండి. అంత భయస్తుణ్ణి నేను మళ్లీ చూడలేదు. సముద్రం హోరు వింటూ పెరిగినవాడు, నీళ్లలో ఉన్న బోటు ఒక్కసారీ ఎక్కలేదు. ఇసుక మీద ఉన్న బోటు ఎక్కుతూ కూడా "కదల్దు కదరా?" అని అడిగేవాడు. ఒడ్డంతా పిరికి మావ అని పిలిచేది. ఆయన కూడా నవ్వి ఊరుకునేవాడు.

పంపు కొనడానికి ఆయనతో కాశీబుగ్గ వెళ్లామంటే ఆ పూట దుకాణంవాడి ప్రాణం విసిగిపోయేది. బ్యాటరీ పంపు వద్దు, వీపుకి తగిలించుకునే పెద్దది వద్దు, చేత్తో పట్టుకుని నడిచేది చాలు. పొగమంచులా చిమ్మే నాజిలు వద్దు, అది గాలికి లేచి కళ్లలోకి వస్తుంది. విసనకర్రలా వెడల్పుగా, బరువుగా పడే నాజిలు కావాలి. మూత మీద గాలి బయటికి వదిలే పిన్ను లేకపోతే ఆ పంపు వైపు చూసేవాడే కాదు. ముందురోజే ఒక వాషరు అడిగి తీసుకెళ్లి కిరసనాయిల్లో నానబెట్టేవాడు. అది ఉబ్బి మెత్తబడితే ఆ రకం పంపు కొననిచ్చేవాడు కాదు. చివరికి ఒకటి నచ్చితే, అందులో నీళ్లు పోయించి, పిడి కొట్టించి లోపల గాలి బిగించి, ఎక్కడైనా కారుతోందేమోనని మూతకి చెవి ఆనించి వినేవాడు. దుకాణంవాడు ఒకసారి, ఇదేమైనా బాంబా మావా అన్నాడు.

"బాంబైతే పేల్తాదని ముందే తెలుస్తాది. ఇది సెప్పదు కదరా" అన్నాడు మావ.

ఆయన పని తీరు కూడా అంతే. పొద్దున్నే వచ్చి బల్లల మీద అరచెయ్యి రాసి తడి ఉందేమో చూసేవాడు. చేతులకీ మెడకీ ఆముదం పట్టించి, మాకూ పట్టించేవాడు. నూనెని పాతచీర గుడ్డలో వడగట్టేవాడు. పంపు నిండా పోయనిచ్చేవాడు కాదు. ఒక బల్లని ఈ కొసనుంచి ఆ కొసదాకా ఆపకుండా తడిపి, వెనకాలే నన్ను బ్రష్షుతో రుద్దమనేవాడు. రుద్దకపోతే నూనె మీద మీదే ఉండిపోతుందట. చుట్టుపక్కల ఎవరి చెవి మీద బీడీ కనిపించినా పని ఆపేసేవాడు. జీడిపూతకి మందు కొట్టే పంపు వేరు, దానికి ఎర్రగుడ్డ కట్టి ఉండేది. ఆ రెండూ ఒక గదిలో పెట్టడానికి కూడా ఆయనకి భయమే.

ఇంత జాగ్రత్త మనిషి చేతిలోనే ఆ ప్రమాదం జరిగింది. ఒకే ఒక్క మాట వల్ల జరిగింది.

ఆ రోజు సగం డెక్కు అయ్యాక నాజిలు పూడుకుపోయింది. మావ డెక్కు మీద ఉన్నాడు. పంపుని కింద ఇసుకలో ఉన్న తమ్ముడికి దించాడు, దాని పొడుగాటి గొట్టం కొస మాత్రం తన చేతిలోనే ఉంది. నాజిలు విప్పుతూ మావ పైనుంచి "గాలుందేటో సూడరా" అని కేకేశాడు. పంపులో గాలి అని ఆయన ఉద్దేశం. మందు కొట్టే రైతుకి గాలి అంటే అదే. కానీ మా ఇళ్లలో పుట్టినవాడికి గాలి అంటే ఒకటే గాలి. తమ్ముడు తలెత్తి సముద్రం వైపు చూశాడు. సరుగుడు చెట్ల వైపు చూశాడు. ఆకు కదలడం లేదు, నూనె ఎగిరి మీద పడదనుకున్నాడు. "లేదు మావా" అని పంపు మీదకి వంగి మూత తిప్పాడు.

మావకి అప్పటికే అర్థమైనట్టుంది. బోటు మీంచి దూకేశాడు. కదల్దు కదా అని అడిగి ఎక్కే మనిషి, అంత ఎత్తు నుంచి దూకి తమ్ముణ్ణి పక్కకి తోశాడు. మూత ఎగిరింది. నల్లనూనె చాలామటుకు మావ మెడ మీద, ముంజేతి మీద పడింది. మిగిలింది తమ్ముడి ముఖం మీద చిమ్మింది. వాడు రెండు చేతులూ కంటి మీద పెట్టుకుని ఇసుకలో కూలబడ్డాడు. మావ బిందెతో మంచినీళ్లు పోస్తూనే ఉన్నాడు, చేతులు తియ్యమని బతిమాలుతూనే ఉన్నాడు.

టెక్కలి ఆసుపత్రిలో రెండు కళ్లకీ కట్టు కట్టారు. చూపు సంగతి కట్టు విప్పాకే చెప్పగలమన్నారు. పట్టపగలు, కిటికీలోంచి వెలుతురు వాడి ముఖం మీద పడుతూ ఉంటే, "అన్నా, ఎండొచ్చిందేటి?" అని అడిగాడు. వేటకెళ్లే మనిషికి కన్ను పోతే ఏం మిగులుతుంది? వచ్చిందిరా అని చెప్పి బయటికి వచ్చేశాను. వరండాలో మావ బెంచీ చివర కూర్చుని ఉన్నాడు. కాలిన ముంజేతిని తువ్వాలులో దాచుకున్నాడు. ఎవరికీ చూపించలేదు. నేనే లాక్కెళ్లి మందు రాయించాను.

కన్ను దక్కింది, మచ్చ మిగిలింది. తమ్ముడు తనదే తప్పని కుమిలిపోతుంటే మావ మంచం దగ్గర కూర్చుని చెప్పాడు: "తప్పు నీదీ కాదు, నాదీ కాదురా. మాటది. ఆ మాట మార్సేద్దాం."

అన్నట్టే మార్చేశాడు. మరుసటి ఏడాది నుంచి సముద్రం మీద వీచేది మాత్రమే గాలి. పంపులో ఉండేది ఊపిరి. నాజిలు పూడుకున్నా, పని అయిపోయినా, మూత మీద చెయ్యి పడే ముందు ఆయన "ఊపిరి ఒగ్గేసేవేటి?" అని అడగాలి, మేం పిన్ను లాగి, చప్పుడు ఆగాక "ఒగ్గేసేం" అనాలి. ఆ తర్వాత చెవి ఆనించి ఆయన వినాలి. మొదట్లో ఒడ్డంతా నవ్వింది. ఇప్పుడు మా ఒడ్డున పంపు పట్టే ప్రతివాడూ ఆ మాటే అంటాడు. ఎవరు పుట్టించారో కుర్రకారుకి తెలియదు. తమ్ముడు మాత్రం ఆ తర్వాత పంపు పట్టలేదు. పంపు తీస్తే చాలు, ఏదో పని చెప్పి అవతలికి వెళ్లిపోయేవాడు. నేను కూడా వాణ్ణి పిలవలేదు. నాకూ భయమే.

మా ఉద్దానం ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎక్కువ, ఇక్కడ పుట్టినవాళ్లకి రక్తపరీక్ష అంటేనే గుండె దడ. ఆ జబ్బు చివరికి మావనీ పట్టుకుంది. పలాసలో డయాలసిస్‌కి నేను తోడు వెళ్లేవాణ్ణి. సూది గుచ్చే ముందు "బయమేస్తందిరా" అని చెప్పి నా చెయ్యి పట్టుకునేవాడు. ఆ మాట చెప్పడానికి ఏనాడూ సిగ్గుపడలేదు. నేను లోపల అంతకంటే ఎక్కువ వణికిపోతూ, ఏం కాదు మావా అని బింకంగా అనేవాణ్ణి. పైకి చెప్పేస్తే సగం తగ్గుతుందని ఆయన్ని చూసి కూడా నేర్చుకోలేకపోయాను.

ఆఖరిసారి వెళ్లినప్పుడు, ఈ ఏడు నూనె ఎవరు కొడతారని అడిగాడు. నువ్వొచ్చాకే అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "నాను రానురా. ఆడి సేత కొట్టించు. బయమున్నోడే మూత జాగర్తగా ఇప్పుతాడు" అన్నాడు. తమ్ముడికి ఆ మాట చెప్పాను. వాడు విని, వలలు సర్దాలంటూ వెళ్లిపోయాడు.

మావ కర్మకాండలు అయ్యాక మళ్లీ బోటు దగ్గరికి వెళ్లాం. నేను పంపు అందుకోబోతే తమ్ముడు ముందుకొచ్చి తీసుకున్నాడు. చేతులకి ఆముదం రాసుకున్నాడు, నూనె వడగట్టాడు, పిడి కొట్టాడు. "బయమేస్తందిరా" అన్నాను, మొదటిసారి పైకి. "నాకూ" అన్నాడు వాడు. మొదటి బల్ల ఈ కొసనుంచి ఆ కొసదాకా నల్లగా తడిసింది. నేను వెనకాల రుద్దుతూ వెళ్లాను.

సగంలో నాజిలు పూడుకుపోయింది. ఇద్దరం ఆగిపోయాం. అడగాల్సిన మనిషి లేడు. అత్త ఫోనులో చెప్పిన మాట చెవిలో ఉండగా అదే మాట అనడానికి నాకు నోరు రాలేదు. కానీ తమ్ముడి చెయ్యి మూత దగ్గర ఉంది.

"ఊపిరి ఒగ్గేసేవేటి?" అన్నాను.

వాడు పిన్ను లాగాడు. బుస్సుమంటూ మొదలై, సన్నబడి, సన్నబడి, నాకు వినిపించడం మానేసింది. తమ్ముడు మూత తిప్పలేదు. మోకాళ్ల మీద వంగి, మచ్చ ఉన్న చెంపని పంపు వైపు తిప్పి, మావలాగే చెవి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు.

"ఇంకా ఉందన్నా" అన్నాడు. "ఆగు."